తగలని చుక్కలు

రెండో బిందె నిండి పొర్లిపోతున్నా ఆర్థర్ పైపు తీయలేదు. పద్మారావు నగర్‌లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ పొద్దున అయిదున్నరకు వచ్చి ముప్పావు గంటలో పోతుంది. ఆ కాస్త సమయంలో రెండు బిందెలు, మూడు బకెట్లు, స్నానాల గదిలోని సిమెంటు తొట్టి నింపడం ఇరవయ్యేళ్ళుగా ఆయన వంతు. ఒక్క చెంబుడు కింద పోనిచ్చే మనిషి కాదు. ఆ సోమవారం మాత్రం నీళ్ళు ఆయన చెప్పులు తడిపి, మల్లెపాదు నింపి, గేటు కిందనుంచి రోడ్డెక్కాయి.

ఆయన కిటికీలోంచి ముందుగదిలోకి చూస్తున్నాడు.

గదిలో కోడలు దేవకృప కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నల్లటి తెర మీద తెల్లగీతలతో ఒక పెట్టె. పెట్టెలో రెండు వందల పసుపు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో అణువు. చుక్కలన్నీ తలో దిక్కుకు పరుగెత్తుతున్నాయి, గోడకు తగిలి వెనక్కి మళ్ళుతున్నాయి, మళ్ళీ పరుగు. పెట్టె కింద ఒక గ్రాఫు. ఏ వేగంతో ఎన్ని చుక్కలు పోతున్నాయో ఆ గ్రాఫు చూపించాలి. కాసేపటికి అది గుట్టలా లేవాలి. ఎడమవైపు నిట్టనిలువుగా ఎక్కి, కుడివైపు మెల్లగా జారే గుట్ట. అది లేవలేదు. మధ్యలో ఒకే ఒక్క కడ్డీ, కరెంటు స్తంభంలా, నిటారుగా నిలబడి ఉంది.

అప్పుడు చూశాడాయన. పెట్టె మధ్యలో రెండు చుక్కలు ఎదురెదురుగా వచ్చాయి. ఇక ఢీకొంటాయనుకున్నాడు. కొట్టుకోలేదు. ఒకదానిలోంచి ఒకటి దూరి, ఏమీ జరగనట్టు వాటి దారిన అవి పోయాయి. కళ్ళు మోసం చేశాయేమోనని ఇంకో జత కోసం కాచుకున్నాడు. అదీ అంతే. మూడో జతా అంతే. చుక్కలు గోడలకే తగులుతున్నాయి గాని ఒకదానికొకటి తగలడం లేదు. తగలకపోతే ఏ చుక్క వేగమూ మారదు. మారకపోతే గుట్ట ఎలా లేస్తుంది? వెయ్యేళ్ళు తిప్పినా ఆ కడ్డీ కడ్డీలాగే ఉంటుంది.

ఆర్థర్ గుండెలో ఏదో చల్లగా పాకింది. అది సంతోషమని ఒప్పుకోవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది.

"ఏవండీ, వీధంతా మన నీళ్ళే పారుతున్నాయి. అలా నిలబడిపోయారేంటి?" అని వంటింట్లోంచి కాంతమణి అడిగింది. ఆయన పైపు తీసి బకెట్‌లో వేశాడు. చూసిన సంగతి భార్యతో కూడా అనలేదు. అరుదైన రాయి దొరికినవాడు ముందు జేబులో వేసుకుని, తర్వాత ఎవరికి చూపించాలా అని ఆలోచిస్తాడు చూడండి, ఆ పద్ధతిలో దాచుకున్నాడు.

ఆర్థర్ బాపట్ల దగ్గరి పల్లెనుంచి సికిందరాబాదు వచ్చి ఇరవై ఏడేళ్ళు. వచ్చిన నాటినుంచీ ఒకే మిషన్ జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్నాడు. కాలేజీలో ఆయన పేరు నిలబెట్టింది ఒక పళ్ళెం. వచ్చిన రెండో ఏడు మెట్టుగూడలో బ్రహ్మచారి అనే వడ్రంగి చేత టేకు చెక్కతో చేయించాడు దాన్ని. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పైన అద్దం మూత. లోపల అరవై ఉక్కు గోళీలు, రైలు వర్క్‌షాపులో పనిచేసే ఒక శిష్యుడు పాత బేరింగుల్లోంచి తీసి ఇచ్చినవి. అందులో ఒకదానికి ఎర్ర రంగు. వాయువుల అణుచలన సిద్ధాంతం మొదలుపెట్టే రోజున ఇద్దరు విద్యార్థులు పళ్ళేన్ని చెరో పక్కా పట్టుకుని కుదుపుతారు. గోళీలు గలగలమంటూ గోడలకూ ఒకదానికొకటీ కొట్టుకుంటాయి. ఎర్రగోళీ వంకరటింకరగా తిరుగుతూ పోతుంటే ఆయన వేలు పెట్టి చూపిస్తూ, "గాలిలో మీరు పీల్చే ప్రతి అణువు బతుకూ ఇంతే నాయనా" అంటాడు. ఆ క్లాసు పేరే గోళీల క్లాసు. ఆర్ట్స్ గ్రూపు పిల్లలు సైతం ఆ రోజు కిటికీల దగ్గర మూగేవాళ్ళు.

దేవకృప రెండేళ్ళ కిందట ఆ ఇంటికి కోడలయింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల, ఎమ్మెస్సీ ఫిజిక్సు, ఆపైన కంప్యూటర్ డిప్లొమా. పెళ్ళిచూపుల్లో ఆమె మార్కుల జాబితా చూసి మురిసింది కొడుకు లూకా కాదు, ఆర్థరే. కాలేజీలో ఖాళీ వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ జ్ఞానశేఖర్‌తో మాట్లాడి ఆమెను చేర్పించిందీ ఆయనే. జ్ఞానశేఖర్ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడు. గురువుగారి మాట కాదనలేదు. చర్చిలో, సంతలో, బస్సులో, కనిపించినవాళ్ళందరికీ "మా కోడలు కూడా ఫిజిక్సే" అని చెప్పుకున్నాడు ఆర్థర్. ఆ "కూడా" అనే మాటలోనే ఆయన గొప్పంతా ఉండేది.

ఎప్పుడు మొదలైందో మరి. మొదట్లో వరండాలో పిల్లలు "నమస్తే సార్, నమస్తే మేడం" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు "నమస్తే మేడం, నమస్తే సార్" అన్నారు. ఆ మార్పు ఆయన తప్ప ఎవరూ గమనించలేదు. సందేహాలు అడగడానికి ఇంటికొచ్చే పిల్లలు ఆయనకు దండం పెట్టి, లోపలికి తొంగిచూసి "మేడం లేరా సార్?" అనసాగారు. కాజీపేటలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఇంటికొచ్చే లూకా ఆమెకోసం కంప్యూటర్ కొని ముందుగదిలో పెట్టించాడు. ఆర్థర్ పుస్తకాల బల్ల పడకగదిలోకి జరిగింది. కాంతమణి కంప్యూటర్‌కు లేసు అల్లిక గుడ్డ కప్పింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన బల్లకు ఒక పాత తువ్వాలు కూడా కప్పని మనిషి.

అన్నిటికంటే మింగుడుపడనిది ఈ నెలలో జరిగింది. రాబోయే శనివారం యాజమాన్య కమిటీ వాళ్ళు వచ్చి దేవకృప పాఠం వింటారు. వాళ్ళకు నచ్చితే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది, లేకపోతే వచ్చే ఏడు వేరేవాళ్ళను చూసుకుంటారు. పాఠం ఆమె ఇష్టమన్నారు. ఆమె అణుచలన సిద్ధాంతం ఎంచుకుంది, అదీ కంప్యూటర్ మీద. "సార్ పాఠమే సార్, పాఠం చెప్పుడు సార్ దగ్గరనే నేర్చుకున్న, అందుకే" అని ప్రిన్సిపాల్‌తో చెప్పిందట. జ్ఞానశేఖర్ ఆ మాట ఎంతో సంబరంగా ఆర్థర్ చెవిన వేశాడు. లాబ్ అటెండరు చిన్నబ్బాయి, ఆర్థర్‌తోపాటే తల నెరిసినవాడు, పళ్ళెం దుమ్ము తుడుస్తూ, "ఏంది సార్, గోళీలకు మీకంటే ముందుగాల్నే రిటైర్మెంట్ ఇచ్చిన్రా?" అన్నాడు. ఆర్థర్ నవ్వాడు. ఆ నవ్వు నవ్వినందుకు రోజంతా ఆయనకు పళ్ళు పులిసినట్టుంది.

ఆ ఇంట్లో రాత్రి భోజనానికి ముందు ఏడింటికి కుటుంబ ప్రార్థన. చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒక కీర్తన, ఒక అధ్యాయం, తర్వాత ప్రార్థన. ఎవరికోసం వాళ్ళు దేవుణ్ణి అడుక్కోవడం స్వార్థం నేర్పుతుందని ఆర్థర్ ఎప్పుడో ఒక నియమం పెట్టాడు. ప్రతివాళ్ళూ తమ ఎడమపక్క కూర్చున్నవాళ్ళ మనవి అడిగి తెలుసుకుని, దాన్ని తమ నోటితో దేవుడికి చెప్పాలి. లూకా కాజీపేట వెళ్ళినప్పటినుంచీ ఆర్థర్‌కు ఎడమపక్క దేవకృప, దేవకృపకు ఎడమపక్క కాంతమణి, కాంతమణికి ఎడమపక్క ఆర్థర్.

సోమవారం సాయంత్రం ఆయన మామూలుగానే, "నీ మనవి ఏంటమ్మా?" అని అడిగాడు.

"గ్రాఫు వస్తలేదు మామయ్యా," అంది దేవకృప. "పెట్టెను సగం చేస్తే గోడల మీద దెబ్బలు రెండింతలైతున్నయ్. పీడనం లెక్క కరెక్టుగ ఉంది. గుట్ట ఒక్కటే వస్తలేదు. తప్పెక్కడుందో చూపించమని ప్రార్థన చేయండి."

ఆర్థర్ కళ్ళు మూసుకున్నాడు. మూసిన రెప్పల వెనక రెండు పసుపు చుక్కలు ఒకదానిలోంచి ఒకటి దూరి పోయాయి. ఒక్క మాట చాలు. కళ్ళు తెరిచి ఆ మాట చెబితే ప్రార్థన అక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకుని, ఈ బిడ్డకు జ్ఞానము దయచేయుము అని, చేతి పనిని స్థిరపరచుము అని, ఎవరికైనా ఎప్పుడైనా సరిపోయే నాలుగు మాటలు చెప్పి ఆమెన్ అన్నాడు. దేవకృప అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

మంగళవారం ఆమె ఆయన పాత నోట్సు పట్టుకుని వచ్చింది. ఏళ్ళ తరబడి ఆయన చెప్పి రాయించిన నోట్సు. "అణువులు బిందువుల వంటివి, వాటికి పరిమాణం లేదు" అన్న వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. అక్షరం పొల్లుపోకుండా దాని ప్రకారమే ప్రోగ్రాం రాశానని చెప్పింది. ఆర్థర్ ఆ వాక్యం చూసి బిగుసుకుపోయాడు. పాఠ్యపుస్తకంలో ఉన్నది అది కాదు. అణువుల మధ్య దూరంతో పోలిస్తే వాటి పరిమాణం లెక్కలోకి రానంత చిన్నది అని ఉంటుంది. పిల్లలు బట్టీపట్టడానికి వీలుగా ఆయనే దాన్ని కత్తిరించాడు. ఎన్ని వందలమంది ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నారో. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, దాన్ని నిజంగా నమ్మి చేసి చూసిన మొదటి మనిషి ఈ పిల్ల. పరిమాణం లేని బిందువు ఇంకో బిందువుకు తగలదు. తప్పు ఆమెది కూడా కాదు, తనది.

ఇంకొకరైతే అక్కడ మెత్తబడేవారు. ఆర్థర్‌కు ఇంకా మండింది. తన తప్పును కూడా ఆమె తనకంటే శ్రద్ధగా చేసింది అనిపించింది.

బుధవారం కాలేజీకి నడుస్తుండగా దేవకృప నేరుగానే అడిగింది. రోజూ ఇద్దరూ కలిసే వెళతారు. ఆయన గొడుగు ఊపుకుంటూ ముందు, ఆమె రెండడుగులు వెనక.

"మామయ్యా, ఒక్కసారి మీరు జెర కూసొని చూస్తరా? నేను చూసి చూసి నా కండ్లకు ఏం కనిపిస్తలేదు. మీరైతే పట్టుకుంటరు."

ఆయన ఆగి, గొడుగు చేయి మార్చుకున్నాడు. ఆమె ముఖంలో నిద్రలేమి కనిపిస్తోంది. చెంప మీద ఎక్కడో సిరా మరక. ఆ క్షణాన చెప్పేద్దామనే అనుకున్నాడు. నోరు కూడా తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా సైకిళ్ళ మీద ఇద్దరు పిల్లలు వచ్చి, "గుడ్ మార్నింగ్ మేడం, శనివారం మేం కూడా చూడొచ్చా మేడం?" అని అడిగి, ఆయన వైపు తల ఒకసారి ఆడించి వెళ్ళిపోయారు.

"నాకు కంప్యూటర్లేం తెలుసమ్మా," అన్నాడు ఆర్థర్. "అది మీ తరం విద్య. మాది గోళీలాట."

దేవకృప ఆ మాటను ఎత్తిపొడుపుగా తీసుకోలేదు. పాపం, నవ్వింది. మీ గోళీలాట లేకపోతే మాకు ఇదంతా ఎక్కడిది మామయ్యా అంది. దాంతో ఆయనకు ఆమె మీద ఇంకా కోపం వచ్చింది. తిరిగి ఒక్క మాట అనుంటే ఎంత సుఖంగా ఉండేది.

ఆ సాయంత్రం ఆర్థర్ బాగా ప్రార్థిస్తాడన్న తన పేరు నిలబెట్టుకున్నాడు. చీకటిలో తడుములాడే పిల్ల గురించి, మూసిన తలుపు తట్టే చేతుల గురించి, తెరిచేవాడు ఒక్కడే అన్న సంగతి గురించి ఎంతో చక్కగా, ఎంతో ఆర్ద్రంగా ప్రార్థించాడు. కాంతమణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మాటలు వాటంతట అవే వచ్చాయి. ఇంత అబద్ధం ఇంత బాగా ఎలా వస్తోందా అని ఆయనకే ఒక మూల వింతగా ఉంది. ప్రార్థన అయ్యాక దేవకృప ఆయన కంచంలో రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

గురువారం ఆయన ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాడు. శనివారం ఏ పదకొండింటికో కరెంటు పోతే పరిస్థితేంటని అడిగాడు. కమిటీవాళ్ళ ముందు పిల్ల ఇబ్బంది పడుతుంది, ఎందుకైనా మంచిది నా పళ్ళెం ఒక పక్కన పెట్టించండి, అవసరమైతే నేను లేచి రెండు నిమిషాలు చూపిస్తాను అన్నాడు. జ్ఞానశేఖర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సార్, కోడలి మీద మీకున్న అక్కర ఎవరికుంటుంది," అన్నాడు.

కరెంటు గురించి కాదని ఆర్థర్‌కు తెలుసు. మెట్లు దిగుతుంటేనే ఆ దృశ్యం ఆయన కళ్ళముందు ఆడింది. తెర మీద చుక్కలు పరుగెత్తుతుంటాయి. కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు, మరి అన్ని అణువుల వేగమూ ఒకటేనా అమ్మా అని. కడ్డీ కదలదు. దేవకృప తడబడుతుంది. అప్పుడు ఆయన వెనక వరసలోంచి నెమ్మదిగా లేస్తాడు. పళ్ళెం అద్దం తుడుస్తాడు. ఇద్దరు పిల్లల్ని పిలుస్తాడు. గలగలమని గోళీలు కొట్టుకుంటాయి. "చూశారా, కొట్టుకోవాలి. కొట్టుకుంటేనే కొన్నిటికి వేగం పెరుగుతుంది, కొన్నిటికి తగ్గుతుంది," అంటాడు. ఆ తర్వాత కోడల్ని చూసి పెద్దమనసుతో నవ్వుతాడు కూడా. ఉద్యోగం పోతుందా? పోదు, తను మాట్లాడి నిలబెడతాడు. తనే నిలబెడతాడు. ఆ ఊహలో ఆయనకు అన్నిటికంటే తియ్యగా ఉన్నది ఆ చివరి మాట.

శుక్రవారం ఆమె పాఠం గురించి ఎక్కువ మాట్లాడలేదు. సాయంత్రం మెట్టుగూడలో పుట్టింటికి వెళ్ళి ఆరున్నరకు తిరిగొచ్చింది. ప్రార్థనలో తన మనవి చెప్పింది.

"తప్పు ప్రోగ్రాంల కాదు, నాలోనే ఉంటే సుత చూపించమనండి మామయ్యా. నాకు గర్వం వచ్చిందేమో. అందుకే కనిపిస్తలేదేమో."

ఆర్థర్ ఆ మనవిని ఉన్నదున్నట్టుగా దేవుడికి చెప్పాడు. ఈ బిడ్డలో గర్వముంటే తీసివేయుము అన్నాడు. ఆమెన్ తొందరగా అనేసి, మంచినీళ్ళకని లేచాడు. రేపు దారిలో చెప్పేస్తే సరి, ఇంకా టైముంది అనుకున్నాడు. మంచినీళ్ళు తాగాక, దారిలో కాదు, అక్కడ చూసుకుందాం అనుకున్నాడు.

శనివారం పొద్దున ఆరు కాకముందే దేవకృప పిలిచింది. "అత్తమ్మా, మామయ్యా, జెర ఇటు రండి." ఆ పిలుపు విని కాంతమణి దోసెల పిండి చేత్తోనే పరుగెత్తింది. ఆర్థర్ గడ్డం సగం గీసుకుని, ఒక చెంప నురగతోనే వచ్చాడు.

తెర మీద అదే పెట్టె. అవే రెండు వందల చుక్కలు. కాని చుక్కలు ఇప్పుడు కాస్త లావయ్యాయి, ఆవగింజలంత. రెండు ఎదురుపడ్డాయి. టక్కున విడిపోయి చెరో దిక్కుకు మళ్ళాయి.

"ఒకటికొకటి తగుల్తలేవు అత్తమ్మా, అదీ సంగతి," అంది దేవకృప. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం కడిగిన పలకలా ఉంది. "నిన్న మా ఇంట్ల తమ్ముళ్ళు క్యారమ్స్ ఆడుతున్నరు. స్ట్రైకర్ కాయిన్‌కు తగిలిన చప్పుడు రాత్రి పండుకున్నంక యాదికొచ్చి సమజైంది. బిందువులంటే నిజంగ బిందువులే అనుకున్న నేను. బిందువు బిందువుకు ఎట్ల తగుల్తది? ఒక్కోదానికి కొంచెం లావు ఇచ్చిన. ఫస్టు ఒకదాని వేగం ఇంకోదానికి మార్చి ఇచ్చిన, అట్ల చేస్తే కడ్డీ కడ్డీనే ఉంది. స్ట్రైకర్ పక్కకు తగిల్తే ఏమైతది? మొత్తం వేగం ఇయ్యదు, తగిలిన దిక్కుకు ఉన్నంతనే ఇస్తది. అది రాసిన. ఇగ చూడండి."

ఏదో మీట నొక్కి మళ్ళీ మొదటినుంచి నడిపించింది. కడ్డీ నిటారుగా నిలబడింది. చుక్కలు కొట్టుకోవడం మొదలైంది. కడ్డీ పొట్టిదవుతూ వచ్చింది. అటూ ఇటూ చిన్న చిన్న కడ్డీలు మొలిచాయి. కొన్ని చుక్కలు నీరసపడ్డాయి, కొన్ని దూకుడెక్కాయి. ఎడమవైపు ఒక ఎత్తు, కుడివైపు ఒక జారుడు. వణుకుతూ, కూలుతూ, మళ్ళీ లేస్తూ, గుట్ట నిలబడింది.

ఆర్థర్ ఆ గీతను నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక్క ఊపులో ఇరవై ఏడేళ్ళు గీశాడు. అది ఇలా, ఎవరూ గీయకుండా, తనంతట తాను లేవడం ఎన్నడూ చూడలేదు. గోళీల పళ్ళెంలో ఒక్క ఎర్రగోళీని వేలితో వెంబడించగలడు, అంతే. అరవై గోళీల వేగాలు ఎవరు కొలుస్తారు? ఒక్క నిమిషంపాటు ఆయన అన్నీ మరిచిపోయాడు. నురగ చెంప మీదే ఆరిపోతోంది. ఎంత బాగుంది అనుకున్నాడు. ఆ వెంటనే, ఇది తనది కాదు అని గుర్తొచ్చింది. తన జేబులో ఉన్న ఆ ఒక్క రాయి కూడా ఇక తనది కాదు.

కాంతమణి పిండి చేత్తోనే కోడలి తల నిమరబోయి ఆగింది.

"మీ మామయ్య ప్రార్థన విన్నాడే తల్లీ దేవుడు. అయిదు రోజులు ఆయన ఎలా అడిగాడో చూశావుగా. బుధవారం నాకు ఏడుపాగలేదు."

"అవును అత్తమ్మా," అంది దేవకృప. కుర్చీలోంచి లేచి ఆర్థర్ ముందుకొచ్చి నిలబడింది. "నేనేం చేయలే. మామయ్య ప్రార్థననే. ఇయ్యాల పాఠం ముందు అదే చెప్తా. సార్ నోట్సు, సార్ ప్రార్థన అని."

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఆమె అంతా ఆయనకే ఇచ్చేసింది. ఆయన చేయవలసిందల్లా ఆమె తల మీద చేయి వేయడమే. కాని ఆమె ఇచ్చినది ఒక ముసలి భక్తుడికి ఇచ్చే గౌరవం. కమిటీ ముందు ఆమె కనుక్కున్న మనిషి, ఆయన ప్రార్థించిన మనిషి. ఇరవై ఏడేళ్ళు ఫిజిక్సు చెప్పినవాడు కళ్ళు మూసుకుని చాప మీద కూర్చున్నాడని, కళ్ళు తెరిచి చూసింది ఆమె అని అందరూ అనుకుంటారు. అది ఆయన వల్ల కాలేదు.

"ప్రార్థనదేముంది కాంతం," అన్నాడు. గొంతు తేలిగ్గా రావాలని చూశాడు. "చుక్కలు ఒకదానిలోంచి ఒకటి దూరిపోతున్నాయని నాకు సోమవారమే తెలుసు. నల్లా దగ్గర నిలబడి కిటికీలోంచి ఒక్క చూపులో పట్టేశాను. ఫిజిక్సు అంటే అది."

అన్నాక కూడా ఏం అన్నాడో ఆయనకు వెంటనే తెలియలేదు. ఇద్దరి ముఖాలూ చూశాడు. మెప్పు కోసమే చూశాడు.

కాంతమణి చేతిలోంచి పిండి నేలమీద పడింది. ఆమె దాన్ని చూడలేదు. "సోమవారమా," అంది. మెల్లగా ఏదో లెక్క వేసుకుంటున్నట్టుగా ఆమె పెదాలు కదిలాయి. "మరి నిన్నటిదాకా దేవుణ్ణి ఏమని అడిగారండీ మీరు?"

ఆర్థర్ నురగ ఆరిన చెంపను అరచేత్తో తుడుచుకున్నాడు. పిల్ల తనంతట తానే తెలుసుకోవాలని ఆగాను అందామనుకున్నాడు. అది మంచి జవాబే, మేష్టర్లు చెప్పదగిన జవాబు. కాని గర్వముంటే తీసివేయుము అని నిన్న తన నోటితో చెప్పిన మాట గొంతుకు అడ్డం పడింది.

దేవకృప ఆయన ముఖంలోకి చూసింది. రోజుల తరబడి తెర మీద చూసి చూసి, దొరకని తప్పు దొరికినప్పుడు ఎలా చూస్తారో అలా. తర్వాత కూర్చుని ప్రోగ్రాంను ఫ్లాపీలోకి ఎక్కించుకుని, కంప్యూటర్ ఆపేసింది. గుట్ట నడుమ వెలుగు ఒక చుక్కయి ఆరిపోయింది. గుడ్డ కప్పలేదు.

కాంతమణి నేల తుడవడానికి వంగి, తుడవకుండా అలాగే కూర్చుండిపోయింది. ఆర్థర్ లోపలికి వెళ్ళి మిగిలిన చెంప గీసుకున్నాడు. రెండు చోట్ల తెగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారిలో మాట్లాడదాం అనుకున్నాడు. అరమైలు నడక, ఎన్ని మాటలైనా చెప్పుకోవచ్చు. ముందు నోట్సులో ఆ వాక్యం సంగతి ఒప్పుకుంటాడు. తర్వాత మిగిలింది.

ముందుగదిలో కుర్చీ మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటుండగా దేవకృప నీలంరంగు చీరలో వచ్చింది. జడ గట్టిగా అల్లుకుంది. కాంతమణి దోసె పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చి, "ఒక్కటైనా తిని వెళ్ళవే కృపా," అంది. దేవకృప అత్తగారి మోచేతిని ఒకసారి పట్టుకుని వదిలింది.

"ఒక్క నిమిషం, వస్తున్నానమ్మా," అన్నాడు ఆర్థర్, తాడు ముడి వేస్తూ. ముడి పడలేదు. మళ్ళీ వేశాడు.

ఆమె సంచి భుజానికి తగిలించుకుని, ఆయన కుర్చీ పక్కనుంచి నడిచి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. తలుపు తీసింది. ఎండ లోపలికి పడింది. ఆయన తలెత్తేసరికి ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.